బొంగరం పేనిన గాలపుతాడు

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడని అందరూ బొంగరం అనేవాళ్లు. ఒకచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. అలాంటి మనిషి అటక మీది బట్టల మూట దించబోయి, పీట జారి కుడికాలు విరగ్గొట్టుకుంది. డాక్టరు మోకాలి దాకా సిమెంటు కట్టు వేసి, "మంచం దిగకూడదు" అన్నాడు.

నొప్పి ఓర్చుకుంది కానీ, ఊరికే ఉండటం ఆవిడ వల్ల కాలేదు. దిండు గలీబు విప్పి మళ్లీ కుట్టింది. మొగుడి చొక్కాల గుండీలు ఊడదీసి చోట్లు మార్చింది. బేకరీ నుంచి వచ్చిన మొగుడు, "నన్ను కూడా విప్పి కుట్టేస్తావా ఏంటి?" అని నెత్తి కొట్టుకున్నాడు.

కిటికీలోంచి పెరట్లో కిత్తనార మొక్క కనిపించింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆ నారతోనే గాలపుతాడు పేనేవాడు. వెంటనే అత్తగారి చేత మట్టలు కోయించింది.

"గాలం కొట్లో దొరకదా ఏమిటే?" అంది అత్త.

"కొంటే ఇవాళే అయిపోతుంది అత్తయ్యా. రేపు నేనేం చేసి చావను?"

మట్టలు చితక్కొట్టి, కత్తి వెన్నుతో గీకి నార తీసింది. రసం తగిలి చేతులు దురదలెక్కాయి. రెండు పాయల్నీ ఒకే వైపు మెలేస్తే, వదలగానే తాడు విడిపోయింది. విసిరికొట్టింది. కాసేపటికి మళ్లీ తెమ్మంది. ఒక్కో పాయకీ కుడి పురి పెట్టి, రెంటినీ కలిపి ఎడమకి తిప్పింది. ఈసారి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

ముల్లుతో చేసిన కొక్కెం లాగి చూస్తుండగానే విరిగింది. కూరలో మిగిలిన సన్నటి ఎముకని ఆకురాయితో అరగదీసి, రెండు కొనలూ మొన చేసి, నడుమ గాడి పెట్టి తాడు బిగించింది. ఎరతో పాటు మింగితే చేప గొంతులో అడ్డం పడుతుంది.

సెలవు రోజున మొగుడు రొట్టెల బండి మీద కూర్చోబెట్టి కాలవకి తోసుకెళ్లాడు. ఆవిడ తాడు వెయ్యడం, తియ్యడం, మళ్లీ వెయ్యడం.

"ఆ ఎరని కాస్త నీళ్లలో ఉండనివ్వవే. చేపకి చూసే తీరికైనా దొరకాలిగా!" అంది వెంట వచ్చిన అత్త.

అంతలో తాడు గుంజుకుపోయింది. చేప గట్టు వారన నీళ్లలో పెరిగిన తూటాకుల గుబుర్లోకి దూరింది.

"వదిలెయ్! పడతావ్!" అని మొగుడు అరిచాడు.

వదల్లేదు. బండి మీంచి జారి, కట్టుతో సహా నీళ్లలోకి దిగిపోయింది. తాడు తెగలేదు. జానెడు చేపని గట్టు మీదికి లాగేసరికి, కాలి కట్టు గంజిలా కారుతోంది.

డాక్టరు నానా చివాట్లు పెట్టి, కొత్త కట్టు వేశాడు. అంతసేపూ అత్తగారు చేపని చీరకొంగులో దాచుకుని గది బయట దిక్కులు చూస్తూ నిలబడింది.

కాలు ఆలస్యంగా అతికింది, అదీ కాస్త వంకరగా. ఇప్పుడు ఆవిడ మిషను ఎడమకాలితోనే తొక్కుతుంది. ఎవరైనా అయ్యో అంటే, "చేప మాత్రం భలే రుచిగా ఉందిలెండి" అంటుంది.