మొగులమ్మ కూర్చున్న మెట్టు

బీరంగూడలో మొగులమ్మ ఇంటి మీది గది ఎప్పుడూ కంపెనీ కూలీలకే కిరాయికి పోయేది. బిహార్ వాళ్లో, ఒడిశా వాళ్లో నలుగురేసి ఉండేవారు. ఇద్దరు డ్యూటీకి పోతే ఇద్దరు పడుకునేవారు. అలాంటి గదిలోకి ఉగాది దాటాక నిహారిక ఒక్కతే దిగింది. వెంట రెండు సంచులు, ఒక కంప్యూటరు, గుండ్రంగా తిరిగే కుర్చీ. ఆఫీసు పని ఇంటి నుంచే కాబట్టి, కొండాపూర్ హాస్టల్లో మంచానికి కట్టే కిరాయితో ఇక్కడ గదీ, వంటిల్లూ, ఇంత డాబా వస్తాయని వచ్చింది.

మొగులమ్మ మొగుడు సంగయ్యకు ఇదంతా వింత. గడ్డపోతారం మందుల కంపెనీలో ఇరవై రెండేళ్లు చేసి దిగిపోయిన మనిషి.

"ఇంట్ల కూసుంటే జీతమిస్తరా బిడ్డా? నేనైతే బతుకంత బస్సుల నిలవడే పోయిన."

"నువ్వు కూసుంటే ఎవడిస్తడు? నిలవడితేనే అంతంత ఇచ్చిండ్రు," అంది మొగులమ్మ.

"అంకుల్‌కి కూడా ఒక ఉద్యోగం చూడనా ఆంటీ?"

"చూడు. మీసాలకు జీతమిచ్చేదుంటే చూడు. అవొక్కటే మిగిలినయ్."

మీసం దువ్వుకుని మరీ నవ్వాడు సంగయ్య. నిహారిక పైకి వెళ్లబోతూ, "నేను మీటింగ్‌లో ఉన్నప్పుడు మాత్రం తలుపు కొట్టొద్దు ఆంటీ, అందరికీ వినపడుతది," అంది. ఆ పిల్లకు అది చిన్న మాట.

మొగులమ్మకు చిన్న మాట కాదు. వెనకటికి అత్త చనిపోయిన నాడు ఆమె కంపెనీ గేటు దాకా నడిచిపోయింది. వాచ్‌మన్ లోపలికి కబురు పంపలేదు. "డ్యూటీల ఉన్నడమ్మా, షిఫ్టు దిగినంక చెప్తం," అన్నాడు. ఆ గేటు ముందే ఎండలో నాలుగు గంటలు కూర్చుంది. బయటికొచ్చిన సంగయ్య తల్లి పోయిన సంగతి విని ఏడ్చాడు కానీ వాచ్‌మన్‌ను తప్పు పట్టలేదు. "రియాక్టర్ కాడున్నోన్ని పిలిస్తే చెయ్యి తప్పుతది మొగులూ. చెయ్యి తప్పితే నలుగురి పానాలు పోతయ్," అన్నాడు. డ్యూటీలో ఉన్న మనిషిని పిలవకూడదన్నది ఆనాటి నుంచి ఆమెకు నోములాంటిది.

శ్రావణంలో ఒక బేస్తవారం. రెండు గంటల షిఫ్టు బస్సు వీధి చివర హారన్ కొట్టి పోతుండగా, అన్నం తిని లేచిన సంగయ్య చేతిలోంచి గ్లాసు జారింది. ఎత్తుకున్నాడు. మళ్లీ జారింది.

"చెయ్యి తిమ్మిరెక్కింది," అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

కొబ్బరినూనె రాసి రుద్దింది. తగ్గలేదు. లేచి నాలుగడుగులు వేస్తే కాలు ఈడ్చుకుపోయింది. మొగులమ్మ వాకిట్లోకి వచ్చి అటూ ఇటూ చూసింది. వరసలో అన్ని ఇళ్లకూ తాళాలే. అందరూ ప్యాకింగ్ పనికి పోయారు. పైన పిల్ల ఉంది, ఫోన్లో కారు పిలుస్తది అనుకుంటూ మెట్లెక్కింది.

లోపల మాటలు. కొట్టడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. ఇగ అయిపోతదిలే అనుకుని పైనుంచి రెండో మెట్టు మీద కూర్చుంది. కిందికి దిగి ఆయనకు నీళ్లు తాగించి మళ్లీ ఎక్కింది. ఇంకా మాటలే. ఒకసారి నవ్వులు, చప్పట్లు కూడా వినిపించాయి. నవ్వడం కూడా ఈళ్ల డ్యూటీలోదేనేమో అనుకుంది. నాలుగు దాటాక మూడోసారి దిగేసరికి సంగయ్య మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. తాగించిన నీళ్లు నోటి మూల నుంచి కారుతున్నాయి. పేరు పెట్టి పిలిస్తే చూస్తున్నాడు కానీ పలకడం లేదు.

"బిడ్డా!" అని కింది నుంచే కేక పెట్టింది.

నిహారిక ఒక్క దూకులో దిగివచ్చింది. కారు అయిదు నిమిషాల్లో వచ్చింది. మొదట పోయిన దవాఖానాలో స్కానింగ్ లేదు, పెద్దదానికి పంపారు. అక్కడ స్కానింగ్ అయ్యేసరికి ఆరున్నర దాటింది.

"ఎన్నింటికి మొదలైందమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"రెండు గంటల బస్సు పోతుండె సారు."

ఆయన గడియారం వైపు చూశాడు. "ఇంకో గంట ముందొచ్చినా నెత్తురు గడ్డ కరిగించే సూది పనిచేసేది," అన్నాడు.

బయట బల్ల మీద నిహారిక ఆమె చెయ్యి పట్టుకుంది. "రెండింటికా? మరి నన్నెందుకు పిలవలేదాంటీ?"

"వచ్చిన బిడ్డా. నీ మెట్ల మీదనే కూసున్న. డ్యూటీల ఉంటివి గద."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "మీటింగ్ మూడింటికే అయిపోయిందాంటీ. తర్వాత ఎవరిదో పుట్టినరోజని ఊరికే... ఊరికే మాట్లాడుకుంటా కూసున్నం."

మొగులమ్మకు ఆ చప్పట్లు గుర్తొచ్చాయి. ఏడుస్తున్న పిల్ల ముక్కు కొంగుతో తుడిచింది.

సంగయ్య బతికాడు. కుడి పక్కా, మాటా పోయాయి. నిహారిక గది ఖాళీ చేయలేదు. తలుపు ఇప్పుడు బార్లా తెరిచే ఉంటుంది. అయినా మొగులమ్మ కూర పట్టుకుని పైకి పోతే, లోపల మాటలు వినబడితే చాలు, ఆ రెండో మెట్టు మీదే చతికిలబడుతుంది. పిల్ల ఎన్నిసార్లు చెప్పినా ఆమె కాళ్లు గడప దాటవు.

నిన్న మధ్యాహ్నం సంగయ్య ఎడమ చేత్తో గ్లాసు తీసి మంచం కోడుకు కొట్టాడు. నీళ్ల గోలెం దగ్గర ఉన్న మొగులమ్మ చేతులు కడుక్కుని వచ్చేలోపే నిహారిక కింద ఉంది, ఒక చెప్పు వేసుకుని, ఒకటి వదిలేసి. మెడలో వేలాడుతున్న హెడ్‌సెట్‌లోంచి ఎవరో ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నారు.

ఆయనకేమీ కాలేదు. ఎండ మొహం మీద పడుతోంది, అంతే. నిహారిక కిటికీ రెక్క మూసింది. సంగయ్య హెడ్‌సెట్ వైపు వేలు చూపించి ఏదో అనబోయాడు. మీసం ఒక్క పక్కనే కదిలింది.

"డ్యూటీ ఇడిచిపెట్టి వస్తివేంది బిడ్డా? పో, పిలుస్తుండ్రు," అంది మొగులమ్మ.

నిహారిక కదల్లేదు. మంచం పట్టె మీద కూర్చుని, ఆయన మాట కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.