చప్పట్లు పడ్డ మాటలు

మా ఆయన నోరు తెరిస్తే మూయించడం ఎవరి తరమూ కాదని మద్రాసు జార్జి టౌన్‌లో మా కొట్టున్న సందంతా చెప్పుకునేది. తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే కొట్టు అది. హార్బరు పడవలవాళ్ళతో తమిళం, సేట్లతో హిందీ, నాతో తెలుగు, ఒళ్ళు మండితే ఇంగ్లీషు. తాడు కొనడానికి వచ్చినవాడు కూతురి పెళ్ళి సంగతి దాకా చెప్పుకుని, టీ తాగి, ఒక్కోసారి తాడు మరిచిపోయి వెళ్ళేవాడు. నేనూ తక్కువదాన్ని కాను. మా పోట్లాటలు వినడానికి పక్కింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించుకునేవాళ్ళు.

పోయినేడు ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ తూలి పడ్డారు. పక్షవాతం అన్నారు. కాలు తిరిగొచ్చింది, కుడి చెయ్యి సగం తిరిగొచ్చింది. మాట మాత్రం రాలేదు. నాలుగు భాషలూ ఒకేసారి పోయాయి.

మాట రాలేదంటే మూగ అయిపోయారని కాదు. అదైతే ఇంత నరకం ఉండేది కాదేమో. గొంతు అదే. ఆ విసురు, ఆ దీర్ఘం తీయడం, చివర్న చెయ్యి తిప్పి అడగడం, అన్నీ అవే. గడగడా మాట్లాడతారు. అక్షరాలు మనవే, మాట మాత్రం ఒక్కటీ మాట కాదు. పక్క గదిలోంచి వింటే నిక్షేపంగా ఉన్న మనిషి ఎవరితోనో బేరం ఆడుతున్నట్టే ఉంటుంది. గదిలోకి వెళ్తే ఏమీ లేదు.

"ఆయన చెవికి అది సరైన మాటేనమ్మా" అన్నాడు డాక్టరు. "తప్పు తనదని ఆయనకి తెలియదు."

అది నిజమే. చెవుడు మాదని ఆయన నమ్మకం. ఏదో అడుగుతారు. నేను నీళ్ళిస్తాను. కాదంటారు. దుప్పటి ఇస్తాను. కాదు. ఫ్యాను వేస్తాను. అప్పుడిక మొదలవుతుంది తిట్టడం. ఇంతకాలం కాపురం చేసి ఇంత చిన్న మాట అర్థం కాదా నీకు అన్నట్టు, అర్థం లేని ఆ అక్షరాలతోనే నన్ను దులిపి ఆరేసేవారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. నాకు ఆయన నాలుగు భాషలూ అక్కర్లేదు. ఒక్క మాట, నాకు అర్థమయ్యేది ఒకే ఒక్కటి, తిట్టే అయినా సరే, ఆయన నోట వినాలి. ఏడాదిగా నేను బతికింది దానికోసమే.

నాకు జాజ్ పాటల పిచ్చి ఉంది. పెళ్ళికి ముందు నేను ఒక షిప్పింగ్ ఆఫీసులో టైపిస్టుని. నా పక్క సీటు ఆంగ్లో ఇండియన్ ఆవిడ కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, మోసుకెళ్ళలేక, తన రికార్డు ప్లేయరూ ఒక అట్టపెట్టె నిండా రికార్డులూ నా చేతిలో పెట్టి పోయింది. వాషర్‌మెన్‌పేట్‌లో మా పుట్టింట్లో అలాంటి పాట అంతకుముందు ఎవరూ విన్న పాపాన పోలేదు. అన్నిటికన్నా నన్ను పట్టుకున్న రికార్డు స్టూడియోలో చేసింది కాదు. ఎక్కడో హోటల్లో, జనం తింటూ తాగుతూ ఉండగా ఒకావిడ పాడింది. ప్లేట్ల చప్పుడు వినిపిస్తుంది. ఎవరో మగమనిషి దగ్గుతాడు. ఆ దగ్గు అయ్యేదాకా ఆవిడ మాటని నోట్లోనే ఆపుకుని, కొంచెం నవ్వి, అప్పుడు వదులుతుంది. సగం పాట అయ్యాక ఆవిడ మాటల్ని పూర్తిగా వదిలేస్తుంది. ఇక అన్నీ ఉత్త అక్షరాలే, డబడబమని ట్రంపెట్టుతో పోటీపడి పరుగెడతాయి. రోజల్లా ఎవరెవరి ఉత్తరాలో టైపు కొట్టి ఇంటికొచ్చిన నాకు, మాటల్లేని ఆ కాసేపట్లో ప్రాణం లేచొచ్చేది.

పెళ్ళయ్యాక ఆ పెట్టె నాతోపాటు అత్తగారింటికి వచ్చింది. ఆ మాటల్లేని భాగం రాగానే మా ఆయన ఎక్కడున్నా వచ్చి గుమ్మంలో నిలబడేవారు.

"ఏమే, ఆయమ్మ మాటలు మరిచిపోయినట్టుండాది. పక్కనుండి ఎవురన్నా అందీయకూడదా?"

"నీకు తెలిసిందల్లా తాడు. పోయి పని చూసుకోవయ్యా."

"సరి సరి. పాపం, అంతమంది ముందర అట్ట మరిచిపోతే ఎంత సిగ్గు."

తరవాత మద్రాసులోనే అలా పాడేవాళ్ళున్నారని తెలిసింది. అడయార్‌లో ఒక కాఫీ హోటలు మేడమీద, నెలకో ఆదివారం సాయంత్రం. రెండు బస్సులు మారి వెళ్ళేవాళ్ళం. రికార్డు ఎంత విన్నా, మనిషి ఎదురుగా నిలబడి పాడుతుంటే వినడం వేరు. ముందు టేబులు దొరికితే పాట మొదలయ్యే ముందు పీల్చుకునే ఊపిరి కూడా వినిపిస్తుంది. నాకు ఆ ఊపిరి చాలు. మా ఆయన మాత్రం కట్లెట్ల కోసమే వస్తున్నానని ఒట్టేసి చెప్పేవారు. విరామం అయ్యేలోపు డ్రమ్ములాయన సొంతూరూ, వెయిటరు అద్దె కష్టాలూ అన్నీ రాబట్టేవారు. తిరుగు బస్సులో నేను పాట గురించి ఆలోచించుకుంటుంటే చెవిలో జోరీగలా ఇవన్నీ చెప్పుకొచ్చేవారు. నోరు మూసుకోవయ్యా అని ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు.

పక్షవాతం వచ్చాక ఆ రికార్డులు ముట్టుకోలేదు. ఒక్కసారి మాత్రం పెట్టాను. ఆవిడ మాటలు వదిలేసిన చోటుకి రాగానే ముల్లు ఎత్తేశాను. ఇంతకాలం అదే గొప్ప అనుకున్నాను. మాట అక్కర్లేదని తెగించి పాడుతోంది, ఎంత స్వేచ్ఛ అనుకున్నాను. ఆవిడకేం, పాట చివర మళ్ళీ మాటల్లోకి వచ్చేస్తుంది, జనానికి థాంక్యూ చెబుతుంది, ఇంటికెళ్ళి అన్నం పెట్టమంటుంది. ఆవిడ మాటల్ని పక్కన పెట్టింది. ఈయన దగ్గర్నుంచి ఎవరో లాక్కున్నారు.

మాటలు నేర్పడానికి ఇంటికొచ్చే అమ్మాయి ఒకరోజు నాతో అంది. "పాటలో మాట వస్తుంది ఆంటీ కొంతమందికి. మాట్లాడలేనివాళ్ళు కూడా పాడతారు. ఆయన్ని పాటలున్న చోటికి తీసుకుపోండి, జనంలో కలవనీండి."

ఆ మాటతో నాలో ఆశ పుట్టింది. ఎందుకు పుట్టిందో, పుట్టకుండా ఉంటే ఎంత బాగుండేదో. ఆదివారం ఆయనకి ఇస్త్రీ చొక్కా తొడిగి, ఆటో పిలిచి అడయార్ తీసుకెళ్ళాను. మెట్లెక్కించడానికి వెయిటర్లు పట్టుకున్నారు. కూర్చోగానే ఆయన ముఖం విప్పారింది. కట్లెట్ రాగానే వెయిటరుతో ఏదో చెప్పారు, వాడు అర్థమైనట్టు నవ్వి తలూపాడు. ఆయనకి ఎంత సంతోషమో. చూశావా, వాడికి అర్థమైంది అన్నట్టు నావైపు చూశారు.

ఆవేళ పాడింది బెంగుళూరునుంచి వచ్చిన కొత్త అమ్మాయి. బాగా పాడింది. అంతకాలం తరవాత మొదటిసారి నేనూ ఒక రెండు పాటలపాటు అన్నీ మరిచిపోయి విన్నాను. చివర్లో ఆ అమ్మాయి వైరు లేని మైకు పట్టుకుని టేబుళ్ళ మధ్యకి దిగింది. ఇది ఇలాంటి చోట మామూలే. తను మాటల్లేని ముక్క ఒకటి పాడి ఎవరికో మైకు అందిస్తుంది. వాళ్ళు తిరిగి అనాలి. కాలేజీ పిల్లలు సిగ్గుపడుతూ అన్నారు. ఒకాయన బాగానే అన్నాడు. ఆ అమ్మాయి మా టేబులు దగ్గరికొచ్చి, వద్దని నేను చెయ్యి ఎత్తేలోపే, ముక్క పాడి మైకు ఆయన ముందు పెట్టింది. ఆయన ఎడమ చేత్తో అందుకున్నారు. లేచి నిలబడ్డారు.

కొట్టులో గల్లాపెట్టె ముందు నిలబడినట్టే నిలబడి, హాలంతా ఒకసారి కలయజూశారు. మొదలుపెట్టారు. పాడలేదు. మాట్లాడారు. ఏదో విషయం మొదట్నుంచి చివరిదాకా వివరంగా చెప్పి, చివర్న ఒక ప్రశ్న అడిగారు. ఏడాదిగా మాకెవరికీ అర్థం కానిది, ఇంతమందిలో ఎవరో ఒకరికి అర్థం కాకపోతుందా అని ఆయన అనుకున్నారని నాకు తెలుసు. ఆ గొంతులో వినయం ఉంది. సాయం అడిగే మనిషి గొంతు అది.

డ్రమ్ములాయన ఆ మాటల విరుపుని పట్టుకుని మెల్లగా వాయించడం మొదలుపెట్టాడు. మాకు తెలిసిన పాత డ్రమ్ములాయన కాదు, ఆయన మానేశాడట. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, మా ఆయన ప్రశ్నలోని చివరి అక్షరాలని అచ్చం అలాగే తిరిగి పాడింది. ఆయన తల అడ్డంగా ఊపారు. అది కాదన్నారు. మళ్ళీ చెప్పారు, ఈసారి నిదానంగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు విడివిడిగా. డ్రమ్ము కూడా నిదానించింది.

హాలంతా చప్పట్లు. ఎవరో ఈల వేశారు. ఆయన జవాబు కోసం ఆగారు. ఎవరివైపు చూస్తే వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. ఎంత మంచి మనుషులో అందరూ, ఒక్క ముఖంలో వెక్కిరింత లేదు. లేచి నిలబడి మరీ కొట్టారు. నేను కూర్చునే ఉన్నాను. ఆయన చివరికి నావైపు తిరిగారు. ఆ ముఖంలో కోపం చూశాను, విసుగు చూశాను, ఏడాదిగా అన్నీ చూశాను. భయం చూడటం అదే మొదలు. మైకు టేబులు మీద పెట్టి కూర్చున్నారు.

పాటలు అయిపోయాక ఆ అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. "అంకుల్ ఎన్నాళ్ళనుంచి పాడుతున్నారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"పాడలేదమ్మా. ఏదో అడిగారు."

ఆ అమ్మాయి ముఖంలో నవ్వు ఆరిపోయింది. "ఏం అడిగారు?"

"నాకూ తెలియదు."

పిల్ల ఏడ్చేసింది. ఓదార్చే ఓపిక నాకు లేదు. ఎవరిని తిట్టాలో తెలిస్తే తిట్టిపోసి ఉండేదాన్ని. మంచి మాట చెప్పి పంపిన అమ్మాయినా, మైకు ఇచ్చిన ఈ పిల్లనా, చప్పట్లు కొట్టిన వాళ్ళనా? ఎవరి తప్పూ లేదు, నా బతుకు మాత్రం బుగ్గిపాలైంది.

ఆటోలో ఆయన ఒక్క అక్షరం అనలేదు. అలసట అనుకున్నాను. మర్నాడూ అనలేదు. మాటలు నేర్పే అమ్మాయి బొమ్మల అట్టలు పరిచి, ఆవు చూపించి, ఇదేమిటి అంకుల్ అని బతిమాలింది. ఆయన పెదాలు బిగించుకుని కిటికీవైపు తిరిగారు. ఇప్పుడు ఆయనకి తెలిసిపోయింది. చెవుడు మాది కాదని తెలిసిపోయింది. ఏం కావాలన్నా వేలితో చూపిస్తున్నారు. నేను పొరపాటున ఒకటి బదులు ఇంకొకటి ఇచ్చినా పుచ్చుకుంటున్నారు. తిట్టడం లేదు.

ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. ఆ అర్థం లేని తిట్లే, నన్ను వంటింట్లో ఏడిపించిన ఆ తిట్లే, ఇప్పుడు వినపడితే చాలనిపిస్తోంది. నిన్న సాయంత్రం కావాలనే కాఫీలో చక్కెరకి బదులు ఉప్పు కలిపి ఇచ్చాను. కాఫీ కొంచెం చల్లారితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి. ఎదురుగా కూర్చుని ఆయన నోటివైపే చూశాను. ఒక గుక్క తాగి, తలెత్తి నన్ను చూశారు. చివరి చుక్క దాకా తాగి, గ్లాసు నా చేతికిచ్చారు.