కనపడని బంతికి ఎసరు

"వచ్చినాక చూద్దాం" అనే మాటను మొదట పుట్టించినవాడు నాకు దొరికితే వాణ్ణి నా పెద్ద గంగాళంలో కూర్చోబెట్టి, మెడదాకా నీళ్ళు పోసి, మంట సంగతి నువ్వు ఉడికినాక చూద్దాంలే అంటాను.

నేను పెళ్ళిళ్ళ వంటవాణ్ణి. ఉదయగిరి కొండ నుంచి ఆత్మకూరు దాకా, అటు కలువాయి, ఇటు జలదంకి వరకు, నా చేతి పప్పు ఉడకకుండా తాళి పడిన మెడ లేదు. ఉప్పూ పులుపూ ఎవరైనా వేస్తారు. ఇంకా రాని మనిషిని పొయ్యి దగ్గర నిలబడే చూడగలిగినవాణ్ణి వంటవాడంటారు. దూరాన బండి చక్రం కిర్రుమంటే చాలు, లోపల ఎంతమంది కూర్చున్నారో, అందులో ఎంతమంది నిన్నటి నుంచి కడుపు మాడ్చుకుని వస్తున్నారో చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక వియ్యంకుడు అలిగి వెళ్ళిపోతుంటే, వెనక్కి ఎప్పుడొస్తాడో ఆయన నడక చూసి లెక్కగట్టి బూరెలు వేశాను. ఆయన వచ్చి కూర్చునేసరికి బూరె నోరు కాలేంత వేడిగా ఉంది.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఆఖరి బంతి భోంచేసి లేచినా, ఇంకొక బంతికి సరిపడా అడుగున ఉంచి మూత పెట్టేస్తాం. దాన్ని కనపడని బంతి అంటాం. పెళ్ళికొడుకు వచ్చి కాళ్ళు పట్టుకున్నా ఆ మూత తియ్యం. దారిలో ఎద్దు కుంటిదైనవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు.

ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. ఆ ఏడు మబ్బును చూపిస్తే పిల్లలు అదేం జంతువని అడిగేవారు. నేను ఆత్మకూరులో సర్కారువారు పెట్టిన గంజి కొట్టంలో వంటకు చేరాను. నూకల గది తాళంచెవి ఒక గుమస్తా మొలలో ఉండేది. అది నా తెడ్డంత ఉండేది. ఆయన నడిచి వస్తుంటే తాళంచెవే ఆయన్ను మోసుకొస్తున్నట్టు కనపడేది. ఆయన పెట్టిన పద్ధతి వినండి. నిన్న ఎంతమంది తాగారో ఈ రోజు అంతమందికే నూకలు. ఈ రోజు కొత్తగా వచ్చినవాళ్ళు రేపు నిన్నటివాళ్ళవుతారు, అప్పుడు తాగుతారు. రేపటిదాకా ఉంటే.

ఒకరోజు మధ్యాహ్నం ఉదయగిరి వైపు నుంచి వచ్చిన బండిలోంచి ఒక అవ్వ దిగింది. తిన్నగా నా పొయ్యి దగ్గరికే వచ్చింది.

"కొండ కింద రోడ్డు పని ఆపేసినారు నాయనా. కూలి గింజలు లేవు. పనిలో ఉండే జనమంతా ఇటే నడిచొస్తా ఉండారు. రేపు దిగతారు."

"నీకు తోడెవురూ లేరా అవ్వా?"

"కొడుకూ కోడలూ వస్తా ఉండారు. కోడలు నిండు చూలాలు. బండి కుదుపుకి ఓర్చుకోలేదని నన్నెక్కించి పంపినారు. 'నువ్వు ముందు పోయి నాకింత గంజి చెప్పిపెట్టు అత్తా' అనినాది. ఆమెకి ఉంచు నాయనా. అందరికన్నా ఎనక వస్తాది."

నేను గుమస్తా దగ్గరికి వెళ్ళి, రేపటికి మూడింతలు నూకలు కావాలన్నాను.

"వచ్చినాక చూద్దాం," అన్నాడు.

"వచ్చినాక ఎసరు పెడితే అది మరిగేదెప్పుడు, నూక ఉడికేదెప్పుడయ్యా?"

"కంటికి కనపడని మనిషికి నూకలు ఎట్లా రాసేదయ్యా? రేపు పెన్నకు వరదొస్తాదని ఈ పొద్దే పడవెక్కి కూర్చుంటామా?"

"తమరు కాళ్ళు కడుక్కొని పీట మీద కూర్చున్నాక అమ్మగారు పొయ్యి రాజేస్తారా అయ్యా?"

ఆయన ముఖం కాలిన మూకుడు రంగుకు తిరిగింది. "నీ నోరు నీ గంగాళం కన్నా పెద్దదిరా," అన్నాడు. నూకలు మాత్రం ఇవ్వలేదు.

తెల్లవారగానే పలుగు తీసుకుని, పెళ్ళిళ్ళకు తవ్వినట్టే పొడుగాటి గాడిపొయ్యి తవ్వాను. అయిదు గంగాళాలు వరసగా ఎక్కించి అన్నింటిలో ఎసరు పెట్టాను. ఒకదానిలోనే నూకలు పడ్డాయి. మిగిలిన నాలుగింటిలో ఉత్త నీళ్ళు. ఆయన చెయ్యి తాళంచెవి మీదికి పోయే క్షణానికి నా నీళ్ళు మరుగుతూ ఉంటే చాలు, సగం పని అయినట్టే.

పొద్దు నడినెత్తికి రాకముందే జనం వచ్చారు. దుమ్ము చూసి నేను వేసుకున్న లెక్కకు ఒక్క మనిషి అటూ ఇటూ కాలేదు. అయిదు పొగలు చూసి చివరి పరుగు తీసి, కూలబడ్డారు. ఒక ముసలాయన గంగాళం వైపు చెయ్యెత్తి, "ఉడికినాదా?" అన్నాడు.

"ఉడకతా ఉండాది," అన్నాను.

ఉత్త నీళ్ళలో తెడ్డు పెట్టి తిప్పాను. చిక్కటి గంజి తిప్పేవాడిలా భుజం బరువుగా ఆడించాను. అన్ని వందల కళ్ళు ఆ తెడ్డుతో పాటు తిరిగాయి. నా జన్మలో అంత సిగ్గుమాలిన పని ఇంకొకటి చెయ్యలేదు.

గుమస్తా తాళంచెవితో సహా భోజనానికి వెళ్ళాడు. తెడ్డు పట్టుకునే ఆయన ఇంటికి పోయాను. పెరుగన్నంలో ఉన్నాడు.

"ఎంతమందయ్యా?"

"తమరే వచ్చి చూడండి. ఇప్పుడు కంటికి కనపడతారు."

చెయ్యి కడుక్కుని వచ్చాడు. చూశాడు. గది తెరవడానికి ముందు అందరినీ వరసల్లో కూర్చోబెట్టి, ఒకసారి ఎంచి, లెక్క తప్పిందని మళ్ళీ ఎంచాడు. ఆ రెండు ఎంచడాల మధ్య నా ఎసరు మూడోవంతు ఆవిరై ఆకాశానికి పోయింది. మబ్బైనా కట్టిందా అంటే అదీ లేదు.

తలుపు తీసినాక నూకలు మరిగే నీళ్ళలో పడ్డాయి. అందుకే ఆ పొద్దు వాలకముందే గంజి దొరికింది. అవ్వ తన ముంతలో గంజి తాగకుండా కొంగు కింద పెట్టుకుంది. గుమస్తా చూశాడు.

"ఇక్కడే తాగాల. దాచుకొనేది లేదు."

"కోడలికయ్యా."

"కోడలు వచ్చినాక చూద్దాం."

ముంత లాక్కుని గంగాళంలో ఒంపాడు. అవ్వ ఏడవలేదు. నా వైపు చూసింది. నేను కళ్ళతోనే అయిదో గంగాళం చూపించాను. దాని అడుగున కనపడని బంతి ఉంది. మూత మీద బూడిద చల్లి, చుట్టూ నిప్పులు ఎగదోసి, కడిగి బోర్లించాల్సిన పాత్రలా మసి పూసి పెట్టాను.

గంట కొట్టి, గది తాళం వేసి గుమస్తా వెళ్ళిపోయాడు. పొద్దు గూకుతుండగా కోడలు వచ్చింది. మొగుడి భుజం పట్టుకుని, అడుగడుగూ తన కాలిని తానే అడిగి వేయిస్తున్నట్టు నడిచింది. మూత తీశాను. మూడు ముంతలు తాగింది. నాలుగోది అత్తకిచ్చింది. ఆమె మొగుడికి ఒకటి పోశాను. వాళ్ళ వెనక వచ్చినవాళ్ళకు అడుగు గీరి పెట్టాను. ఆ వెనక వచ్చినవాళ్ళకు వేడినీళ్ళు పోశాను. అవి గంజి వాసన వేస్తున్నాయని ఒకామె నాకు దండం పెట్టింది. ఆ దండం నాకు ఇప్పటికీ కడుపులో మండుతుంది.

ఆ నెలలోనే దొర కొట్టం తనిఖీకి వచ్చి చూసి, అంత జనం వస్తారని ముందే కనిపెట్టి అయిదు గంగాళాలు ఎక్కించిన గుమస్తా ముందుచూపును మెచ్చుకుని వెళ్ళాడు. గుమస్తా తల వంచి వినయంగా ఆ మెప్పు పుచ్చుకున్నాడు. నన్ను మాత్రం కట్టెలు ఎక్కువ తగలేశానని పనిలోంచి తీసేశాడు.

కరువు తీరిన మరుసటి ఏడు ఆత్మకూరులో ఒక పెద్దరైతు ఇంట పెళ్ళికి వండాను. ఆఖరి బంతి లేచింది. విస్తళ్ళు ఎత్తేశారు. అప్పుడు పందిట్లోకి చెమటలు కక్కుతూ గుమస్తా వచ్చాడు. దారిలో ఆయన బండెద్దు కుంటిదైందట.

"ఏమన్నా మిగిలినాదా అయ్యా?"

"నిన్నటి లెక్కలో తమరు లేరయ్యా," అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. పెళ్ళివారి వేళాకోళం అనుకున్నాడు. నా చేతిలో గరిటె ఉంది. మూత తియ్యకపోతే అడిగేవాడు లేడు. కానీ తియ్యకపోతే నేను వంటవాణ్ణి కాను. పళ్ళు కొరుక్కుంటూ మూత తీశాను. పప్పు వేడిగానే ఉంది. ఆయన మూడుసార్లు కలుపుకుని తిని, బ్రేవుమని త్రేన్చి అడిగాడు.

"అందరూ లేచిపోయినారు కదా, ఇంత పప్పు ఎవురికోసం ఉంచినావయ్యా?"

"తమకోసం కాదు," అన్నాను.