తడి ఉన్ని వాసన

నవంబరు నెల, గురువారం సాయంత్రం, విన్నిపెగ్. ఇంట్లో ఉన్నది ముగ్గురం: నేను, పదకొండో తరగతి చదివే మనవరాలు సింధు, బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ కాలేజీకి వెళ్ళే కరీంనగర్ కుర్రవాడు మహేశ్. అమ్మాయి, అల్లుడు డ్యూటీలో ఉన్నారు.

మంచులో తడిసిన టోపీని సింధు హీటర్ జాలీ మీద పడేసింది. కాసేపటికి గదంతా తడి ఉన్ని వాసన కమ్ముకుంది. బాస్కెట్‌బాల్ వర్సిటీ జట్టులో ఎవరెవరున్నారో కోచ్ మర్నాడు చెబుతాడట. పిల్ల కూర్చున్న చోట కూర్చోవడం లేదు.

"మా దిక్కు పేపర్ల వర్సిటీ అంటే యూనివర్సిటే. నువ్వు అప్పుడే యూనివర్సిటీకి పోయినవా?" అన్నాడు మహేశ్.

"నో అన్నా! టాప్ టీమ్. నువ్వు ఫస్ట్ నీ మార్నింగ్ క్లాస్‌కి వెళ్ళు!"

అర్థం తెలియని మాటను నిఘంటువులో చూడనిదే నాకు నిద్రపట్టదు. ఇద్దరిదీ ఒకటే మాట అని చెప్పాను. ఒకప్పుడు ఇంగ్లండులో విద్యార్థులు యూనివర్సిటీ అన్న పొడుగాటి మాటకు తల కోసి తోక వాడుకున్నారు. 'వెర్'ని 'వర్' అని పలికే రోజులవి. అక్కడ విశ్వవిద్యాలయం తరఫున ఆడే జట్టుకు ఆ పేరు వచ్చింది. సముద్రం దాటి ఇటు వచ్చాక బడులు కూడా తమ మొదటి జట్టును అలాగే పిలుచుకున్నాయి.

బాపట్ల దగ్గర మా హైస్కూల్లో ఆ మాట లేదు గాని ఆ జట్టు ఉండేది. బాల్ బ్యాడ్మింటన్ జట్టు, ఐదుగురు. ఆ ఆట బంతిని పసుపుపచ్చ ఉన్నితో చుడతారు. కార్తీకమాసం మంచుకు తడిస్తే బరువెక్కి, అచ్చం ఈ టోపీ వాసనే వేసేది. నేనూ, నా స్నేహితుడు కోటీ, జట్టు పారేసిన అరిగిపోయిన బంతొకటి తెచ్చుకుని, ఊక ఎగిరే రైసుమిల్లు గోడకేసి చీకటి పడేదాకా కొట్టేవాళ్ళం. నాగులచవితి వస్తే నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి ఉండలు ఆ బంతితోపాటే జేబులో వేసుకుని, తినేటప్పుడు వాటికంటిన పచ్చటి నూగు ఊదుకుంటూ తినేవాళ్ళం. తడిసిన బంతిని పొయ్యి గట్టు మీద ఆరబెడితే నాయనమ్మ, "బువ్వొండే చోట బంతులేంట్రా, కాల్చేత్తాను!" అని కేకలేసేది.

తొమ్మిదో తరగతిలో డ్రిల్లు మేష్టారు కోటిని ఐదుగురిలోకి తీసుకున్నారు. సాయంత్రం ఆట అయ్యాక ఐదుగురినీ తన అరుగు మీద కూర్చోబెట్టి నానబెట్టిన శనగలు పెట్టడం ఆయన పద్ధతి. మిగతావాళ్ళం ఆ గుమ్మం ముందు నుంచి ఇళ్ళకు పోయేవాళ్ళం. "రేపొత్తాలేరా గోడకాడికి," అన్నాడు కోటి. రాలేదు. మేం పోట్లాడుకోలేదు, మాటలూ మానలేదు. ఉత్త గోడతో ఆడితే మనం కొట్టిన దెబ్బే తిరిగొస్తుంది, కొన్నాళ్ళకు మానేశాను.

ఈ దేశంలో నాకున్న పొద్దంతా సింధు బడి నుంచి వచ్చాకే మొదలవుతుంది. ఇద్దరం అటుకుల ఉప్మా తిని క్యారమ్స్ ఆడతాం. ఓడితే నన్ను ఇంగ్లీషులో వెక్కిరిస్తుంది. వర్సిటీ వాళ్ళకు రోజూ సాయంత్రం ప్రాక్టీసు, వారాంతాల్లో వేరే ఊళ్ళలో ఆటలు. జట్టులో దాని పేరు ఉండాలనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పెట్టుకున్నాక చాలాసేపు కళ్ళు తెరవలేదు.

మర్నాడు పొద్దున కిటికీ బయట మంచు కురుస్తోంది. మహేశ్ బస్సుకు పరుగెత్తాడు. మిల్లు పోయి అక్కడ కల్యాణ మండపం వచ్చిందని, కోటి కూడా పోయాడని ఊరి నుంచి ఎప్పుడో విన్నవి మళ్ళీ గుర్తొస్తుండగా ఫోను మోగింది.

"తాతా! ఐ మేడ్ ఇట్!"

"శభాష్ తల్లీ!"

"బట్ ప్రాక్టీస్ ఎవ్రీ డే. ఈవెనింగ్స్ నువ్వు ఓకేనా?"

"నాకేమిటే, నిక్షేపంలా ఉంటాను. మీ ఆటలకు తాతల్ని రానిస్తారా?"

"ఆఫ్ కోర్స్! జస్ట్ డోంట్ యెల్ ఇన్ తెలుగు, ఓకే?"

కేకలు వేయనులే అన్నాను. అప్పటికే అవతల బడి గంట మోగింది, సింధు ఫోను పెట్టేసింది.