నాయనమ్మ చేతిలో నా పిడికిలి

నా చిన్నప్పుడు, క్రీస్తు శ్రమల్ని తలుచుకుంటూ ఉపవాసాలుండే నలభై రోజులు, శ్రమదినాలు, మొదలయ్యాయంటే తార్నాకలోని మా ఇంట్లో మాంసం పొయ్యెక్కేది కాదు. ఈస్టర్ దాకా పప్పూ పచ్చడే. అయినా నాకు ఆ రోజులంటే పండగే, ఎందుకంటే పిడికెడు బియ్యం తీసే పని నాది. వంటకు బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి మట్టికుండలో వేసేవాళ్ళం. పస్తులుండేవాళ్ళకు పంచడానికి ఆ కుండ చర్చికి వెళ్ళేది. నేను పిడికిలి బిగిస్తే మా నాయనమ్మ తన చేత్తో దాన్ని పొదివి పట్టుకుని, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఇది నీది" అనేది. బియ్యం దేవుడిదైతే కావచ్చు గానీ, నాయనమ్మ చెయ్యి మాత్రం నాదే అనుకునేదాన్ని.

పందొమ్మిది వందల అరవై ఏడో, అరవై ఎనిమిదో, నాకు పదేళ్ళుంటాయి. లాలాపేటలో ఉండే మా చిన్నమ్మకు జబ్బు చేస్తే దవాఖానలో చేర్చి, ఆమె కూతుర్ని తెచ్చి మా ఇంట్లో దించారు. నాకంటే బాగా చిన్నది. శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు నేను చేతులు కడుక్కుని పరిగెత్తుకొస్తే, బియ్యం చాట ముందు ఆ పిల్ల కూర్చుని ఉంది. దాని పిడికిలి మా నాయనమ్మ చేతిలో ఉంది. నా కడుపు మండిపోయింది.

"ఈసారి చెల్లె తీస్తది బిడ్డా, నువ్వు పెద్దదానివి గదా" అంది నాయనమ్మ. పెద్దదాన్నట! నిన్నటిదాకా లేని పెద్దరికం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో! చర్చిలో చాప మీద నాయనమ్మ పక్కన అదే, తలకు నూనె రాయించుకునేదీ అదే. దాని పిడికిట్లో పట్టే బియ్యం పిట్టకు కూడా చాలవని నేను గొణిగితే ఎవరూ వినిపించుకోలేదు.

సరే, నేనేం తక్కువ తిన్నానా అని ఉపవాసాలకు దిగాను. ముందు చాయ్ మానేశాను, తర్వాత బెల్లం. శుక్రవారాలు పెద్దవాళ్ళలాగా సాయంత్రం దాకా ఏమీ ముట్టనన్నాను. మానేసిన ప్రతిదీ నాయనమ్మకు వినపడేలా చెప్పేదాన్ని. ఆమె ఆ పిల్లకు జడ వేస్తూనే "మంచిది" అనేది.

అలాంటి ఒక శుక్రవారం ఎండ దిగాక, చింతచిగురు కోసుకొద్దామని నాయనమ్మ నన్నొక్కదాన్నే మా ఇంటి దగ్గర్లోని యూనివర్సిటీ ఆవరణలోకి తీసుకెళ్ళింది. అప్పట్లో లోపల ఎటు చూసినా బండలూ చెట్లే. కొమ్మ వంచబోయి, కళ్ళు తిరిగి ఒక బండ మీద కూలబడ్డాను. నాయనమ్మ కొంగుముడి విప్పి బెల్లం ముక్క నా నోట్లో పెట్టబోతే విదిలించుకున్నాను.

"నేను ఉపవాసమున్న. పోయి దానికే పెట్టుకో. నేనేం విడిచిపెట్టినా నీకు కనవడనే కనవడది" అని బావురుమన్నాను.

ఆమె కోప్పడలేదు. నా పక్కనే కూర్చుంది.

"నువ్వు చాయ్ విడిచిపెట్టినవ్, బెల్లం విడిచిపెట్టినవ్. నేనేం విడిచిపెట్టిన్నో అడిగినవా?"

మాంసం అన్నాను.

"పండ్లు లేని నోరు నాది, మాంసం ఇడిస్తే నాకేం కష్టం? ఈ యేడు నేను నిన్ను విడిచిపెట్టిన బిడ్డా. పొద్దుగాల లేస్తే నీ పిడికిలే పట్టుకోవాలనుంటది నాకు. ఆ పిల్లకు తల్లి దగ్గర లేకపాయె. అందుకే ఈస్టర్ దాంక నిన్ను దేవునికిచ్చిన. నాకెట్ల అయితున్నదో నీకేమెరుక?"

ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే, నాకు జాలి వేయలేదు, సంతోషం వేసింది. నేను లేక ఆమెకూ నొప్పిగా ఉందన్నమాట! బెల్లం తిన్నాను.

మర్నాడు బియ్యం కొలిచే వేళకు నేనే ఆ పిల్లను లాక్కొచ్చి చాట ముందు కూర్చోబెట్టాను. ప్రేమతో కాదు సుమా, కుళ్ళు కుళ్ళుగానే ఉంది. నాయనమ్మ దాని పిడికిలి పట్టుకుని, కళ్ళు మూసుకునే ముందు ఒక్కసారి నా వైపు చూసింది. ఈస్టర్ తర్వాత చిన్నమ్మ కోలుకుని కూతుర్ని తీసుకెళ్ళింది. నాయనమ్మ చెయ్యి మళ్ళీ నాకు దక్కింది.

ఇప్పుడు మా మనవరాళ్ళు శ్రమదినాల్లో టీవీ మానేశాం, ఐస్‌క్రీం మానేశాం అంటారు. మంచిదే అంటాను. నేను మాత్రం ఏటా బియ్యం కొలుస్తూ, నా దగ్గరున్నవాటిలో ఏది ఇస్తే నిజంగా నొప్పి పుడుతుందో వెతుక్కుంటాను. దొరికాక, ఇవ్వాలంటే ఈ వయసులోనూ ఏడుపొస్తుంది. రాలేదంటే మాత్రం, ఆ యేడు కూడా నేను ఉత్త చాయే మానేసినట్టు.