వసకొమ్ము అరగదీసిన రెండేళ్ళు

మా ఆఖరి చెల్లెలు పోయిన గురువారం పొద్దున్న కడియంలో కన్నుమూసింది. పది రోజుల జ్వరం. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది.

దానికి ఒక్కతే కూతురు. పదిహేనేళ్ళ కిందటి మాట, మూడేళ్ళు నిండినా పాపకి మాటలు రాలేదు.

"పిలిస్తే తిరగదక్కా. పక్కగదిలో బిస్కెట్ పొట్లం విప్పితే మాత్రం పరిగెత్తుకొస్తుంది. చెవుడు కాదు. డాక్టరుగారికి చూపిస్తాను," అంది చెల్లెలు.

ఇంటికి పెద్దదాన్ని నేను. "మనింట్లో అందరికీ మాటలు ఆలస్యమేనే. ఆడపిల్లని ఆస్పత్రుల చుట్టూ తిప్పితే లేనిపోని పేరొస్తుంది," అన్నాను. తేనెలో వసకొమ్ము అరగదీసి పాప నాలుకకి నేనే రాసేదాన్ని. కోరుకొండ స్వామికి మొక్కుకుని, పాపని చంకనేసుకుని మెట్లన్నీ ఎక్కాను. అలా రెండేళ్ళు గడిచాయి.

చెల్లెలు నా మాట కాదనలేదు. పేరంటంలో ఒకావిడ, "మీ పాపది మౌనవ్రతమా ఏంటమ్మా?" అంటే, "మా వాటా కూడా మీరే మాట్లాడేస్తున్నారుగా పిన్నిగారూ," అని నవ్వేసింది. ఇంటికొచ్చాక తాంబూలం సంచీ విప్పనేలేదు.

చివరికి చెల్లెలి భర్త, మా మరిదిగారు పట్టుబట్టి మమ్మల్ని విశాఖపట్నం తీసుకెళ్ళారు. డాక్టరుగారు పాపని గంటసేపు చూసి ఆటిజం అన్నారు. ఆ మాట మేమెవరమూ అంతకుముందు వినలేదు.

"మందు ఎన్నాళ్ళు వాడాలండీ?" అని అడిగారు మరిదిగారు.

"మందు లేదండి. ఓపికగా నేర్పించుకోవాలి. ముందే తెచ్చుంటే ఇంకాస్త నేర్చుకునేది. ఎందుకింత ఆలస్యం చేశారు?"

నేను తల దించుకున్నాను.

"నాకే తెలియలేదండి," అంది చెల్లెలు.

ఆ తర్వాత పదమూడేళ్ళలో చెల్లెలు ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక ఓసారి, "నా వల్లే కదే," అన్నాను. "దాన్ని ఎత్తుకుని కొండెక్కింది నువ్వొక్కదానివే కదక్కా," అంది.

ఏ ఏడుపు ఆకలిదో, ఏది చొక్కా మెడ గుచ్చుకున్నదో చెల్లెలికొక్కదానికే తెలుసు. "నేను లేకపోతే దీని సంగతి ఎవరికి అర్థమవుతుందక్కా?" అనేది. దేవుడున్నాడే అనేదాన్ని.

ఇది చదివే పెద్దవాళ్ళకి ఒక్కటే మనవి. కన్నతల్లి అనుమానపడితే అడ్డుపడకండి.

నిన్న చెల్లెలి వంటింట్లో, పద్దెనిమిదేళ్ళ పాప నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గోడకి ఆనించింది. ఉత్త గోడ. మంచినీళ్ళిచ్చాను, డబ్బాలు దింపి చూపించాను, కిటికీ తెరిచాను. కాదు. మైల ఇల్లు, దీపం కూడా లేదు. స్వామీ, దీనికేం కావాలో చెప్పు తండ్రీ అని మనసులోనే అనుకున్నాను. పాప మళ్ళీ నా చెయ్యి లాగి, అదే చోట ఇంకాస్త గట్టిగా నొక్కి పట్టుకుంది.