యోగానంద్ బండికి ఒక్క కార్బురేటర్

మా పినతండ్రి కొడుకు యోగానంద్ గురించి రాయడానికి నాకంటే తగినవాడు లేడు. ఊళ్లో ఏడో తరగతి వరకే చదివినా, ఆర్టీసీలో ఉన్నన్నాళ్లూ ఒక్క ప్రమాదమూ చేయకుండా బస్సు నడిపి, కలెక్టరు చేత శాలువా కప్పించుకున్నవాణ్ణి. వాడూ తక్కువవాడేం కాదు. మెల్‌బోర్న్‌లో నీటి సరఫరా ఇంజనీరుగా రిటైరయ్యాడు. పాత ఫోర్డు కారు గూడు ఒకటి కొని, అందులో ఎనిమిది సిలిండర్ల ఇంజను కూర్చోబెట్టి, ఆ ఊరి శివారు వెర్రిబీలోని తన గరాజులోనే రేసుబండి లాంటి హాట్ రాడ్ కట్టాడు. మనవాళ్లలో ఆ పని చేసినవాణ్ణి మరొకణ్ణి నేను చూడలేదు.

ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి పంపే కార్బురేటర్లు రెండు, ఎత్తైన ఇన్‌టేక్ గొట్టాల మీద, బానెట్ దాటి జంట గోపురాల్లా నిలబడేవి. రేసుబళ్ల అమరిక అది. దారినపోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకునేవారు.

పోయిన చలికాలం కంటి డాక్టరు ఒక మాట చెప్పింది. పక్కచూపు తగ్గిపోతోంది, ఇక బండి నడిపేది ఎన్నాళ్లో కాదు అని. ఇన్నేళ్లూ గరాజు వాసన భరించిన భార్య విద్యావతిని, లైసెన్సు పోయేలోగా, తానే నడుపుతూ జీలాంగ్ సముద్రం దాకా తీసుకెళ్లాలని వాడి పంతం.

నేను ఊరినుంచి వాణ్ణి చూడ్డానికి వెళ్లిన రోజుల్లో, ఒక ఆదివారం ఇంటిముందు డ్రైవ్‌వేలో పూజ పెట్టుకున్నారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బండి మెల్లగా పాకి వాటిని తొక్కాలి. ఆ పాకడమే దానికి చేతకాలేదు. క్లచ్ వదిలినప్పుడల్లా దగ్గి ఆగిపోయింది.

"శకునం బాగాలేదేమోరా," అన్నాను.

"శకునం కాదన్నయ్యా. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే ఈ పెద్ద గొట్టాల్లో గాలి మందగిస్తుంది, పెట్రోలు సరిగా కలవదు. స్పీడందుకుంటే పులే."

"పులినెక్కి కూరగాయలకి పోతావట్రా?"

వాడి కూతురు సృజన నవ్వింది. "నాన్నా, జస్ట్ రెవ్ ఇట్ ఎ బిట్," అంది.

వాడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. బండి ఒక్కసారిగా ఎగిరి ముందుకు దూకింది. బండి ముందు హారతి పళ్లెంతో నిలబడ్డ విద్యావతి వెనక్కి తూలింది. పళ్లెం కిందపడింది. మూరెడు దూరంలో బ్రేకు పడింది.

"విద్యా, నువ్వు ముందుకెప్పుడొచ్చావు?"

"ఎప్పుడేంటండీ? స్టార్ట్ చేసినప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాగా."

వాడు ఇంజను ఆపేశాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని చాలాసేపు దిగలేదు. ఎదురుగా ఉన్న మనిషిని సగం ఆ గోపురాలు దాచాయి, మిగతా సగం వాడి కళ్లే దాచాయి.

ఆ వారమే రెండు కార్బురేటర్లూ ఊడదీశాడు. వాటిని తుడిచి పాత దుప్పట్లో చుట్టడానికే ఒక రోజంతా పట్టింది.

"ఇంతకీ ఏం పెడతావు?" అన్నాను.

"చిన్నది, ఒక్కటి చాలు. కింద పొట్టి ఇన్‌టేక్. దాని గొట్టాలు సన్నవి, నెమ్మదిలోనూ గాలి చురుగ్గా పోతుంది. బానెట్ కూడా మూతపడుతుంది. విద్య పొట్టిది గదా, రోడ్డు కనపడాలి."

"విద్యకెందుకురా రోడ్డు?"

"నడిపేది తనే గనక."

విద్యావతి అప్పుడే టీ తెచ్చింది. "నన్నడిగారా అసలు? నా పాత కొరోలా చాలదూ, మళ్లీ ఈ భూతం కూడానా?"

"నీ కాలికి తగ్గట్టు ట్యూన్ చేస్తాలే."

"నా కాలు సంగతి తర్వాత. మీరు పక్కన కూర్చుని సతాయించకుండా ఉండగలరా?"

వాడు టీ అందుకుని బానెట్ వైపు తిరిగాడు.

నేను స్టీరింగ్ వదిలింది రిటైర్మెంటు కాగితం చేతికొచ్చాకే. వాడు లైసెన్సు జేబులో ఉండగానే వదిలాడు. ఏమాటకామాట చెప్పాలి, అది నా వల్ల అయ్యేది కాదు.

తనిఖీ అయి, నంబరు ప్లేటు వచ్చాక జీలాంగ్ బయల్దేరాం. నేను వెనక సీట్లో ఉన్నాను. సిగ్నళ్ల దగ్గర ఇంజను దగ్గలేదు. యోగానంద్ ఎడమపక్క సీట్లో కళ్లు మూసుకొని ఆ చప్పుడే వింటున్నాడు.

"థర్డ్ గేర్ వెయ్యి విద్యా," అన్నాడు.

ఆమె అప్పటికే వేసింది.